ఖాళీ

"ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా, ఆ గుండీ కుట్టేసి వెళ్ళు" అన్నారు మా వారు, చెప్పులు తొడుక్కుంటున్న నాతో. నేను పనిచేసే గ్రంథాలయం తెరిచే వేళ మించిపోతున్నా సూదిలో దారం ఎక్కించాను. "ఆ పుస్తకాల కొంపలో కూర్చోవడమేగా, అంత పరుగెందుకూ?" లోపలినుంచి అత్తగారు. ఈ ఇంట నేను కూర్చుంటే ఖాళీ, నిలబడితే చేతికందిన మనిషిని.

గ్రంథాలయంలో ఆ మాట వినబడేది కాదు. వచ్చేవారిలో సగం మందికి పుస్తకం పేరు గుర్తుండదు. "ఎర్ర అట్ట తల్లీ, ఇద్దరు తోడికోడళ్ళు మాట్లాడుకోకుండానే ముసలివాళ్ళయిపోతారు చూడూ, అదీ" అంటుంది కళ్ళద్దాల బామ్మ. అల్మరాల నడుమ ఆమె వెంట తిరిగి, ఇది కాదు, అదీ కాదు అనిపించుకొని, చివరికి ఆమె చేతిలో పెడతాను. ఫలాన్ని ఆశించక కర్మ చేయమన్నారు పెద్దలు. ఆ మాట నమ్మే బతికాను. అయినా ఆమె ముఖం విచ్చుకున్నప్పుడు ఆశించని ఫలమేదో అందినట్టే ఉండేది.

కొత్తగా పెట్టిన కంప్యూటరు, కాసేపు మీట ముట్టకపోతే ఆ సమయాన్ని విడిగా లెక్కిస్తుందట. నెల తిరిగాక అధికారి పిలిచి తెర చూపించారు. నా పేరు ఎదుట పొడవాటి బూడిదరంగు పట్టీ. దాని కింద 'ఖాళీ' అని ఉంది.

"ఆ సమయంలో పుస్తకాలు వెతికి ఇస్తున్నానండీ."

"ఇస్తున్నారమ్మా, నేను కాదన్నానా? దానికి తెలియదుగా. వచ్చే నెలా ఇలాగే ఉంటే మీ పోస్టు ఎత్తేస్తారు" అన్నారాయన, దయగానే.

ఇంట్లో చెప్పాను. "పోతే పోనీ, ఇంటిపట్టున ఉంటావు" అన్నారు మా వారు, పేపరు తిప్పుతూ. చాలాకాలానికి అత్తగారి గొంతులో నా మీద ప్రేమ పలికింది: "పోన్లే, చేతికింద మనిషి ఉంటుంది." తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా నన్ను పిలిచే ఆ రెండు గొంతులు తప్ప మరేమీ లేని రోజులు, వరుసగా, నా కళ్ళకు కట్టాయి.

మర్నాటి నుంచి కుర్చీ దిగలేదు. పనున్నా లేకున్నా మీటలు నొక్కుతూ కూర్చున్నాను. బామ్మ వచ్చింది.

"తల్లీ, ఈసారి నీలం అట్ట. ఆవిడ వంట మధ్యలో ఆపి బయటికి నడుస్తుంది చూడూ..."

వెదకాలంటే అరగంట ఆమె వెంట తిరగాలి.

"పేరు చెప్పండి బామ్మగారూ" అన్నాను, తెర మీంచి చూపు తిప్పక.

"పేరే తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను తల్లీ?" అని నవ్వింది. నేను నవ్వలేదు. బల్ల అంచు పట్టుకొని కొంతసేపు నిలబడింది. నా వేళ్ళు ఆగలేదు.

"పనిలో ఉన్నట్టున్నావు. ఖాళీ అయినప్పుడు వస్తాలే" అంటూ మెల్లగా మెట్లు దిగిపోయింది.