సీటు అడుగున మూడో తూటా

తొమ్మిదయ్యేసరికి సీట్ల మేస్త్రీ రెండో విమానం కాక్‌పిట్‌లో తలకిందులుగా ఉన్నాడు. పైలట్ సీటు వెనక చెయ్యి దూర్చి తూటా విప్పి, దాని పిన్నును చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆపద వస్తే పైలట్‌ను సీటుతో సహా ఆకాశంలోకి తన్నే తూటాలవి. సర్వీసు పుస్తకంలో విమానానికి రెండని ఉంటుంది. ఉంటే ఉండనీ. పదిహేనేళ్ల కిందట వీటికి కొత్త సీట్లు బిగించినప్పుడు అడుగున మూడోది పెట్టింది అతనే. ఆ సంగతి పుస్తకంలోకి ఎక్కలేదు, అతని బుర్రలోంచి దిగలేదు.

ఉన్నచోటి నుంచే నిట్టనిలువునా లేచే ఆ విమానాలు ముసలివైపోయాయి. ఇప్పుడు తుక్కు. షెడ్డు అవతలి కొసన యంత్రం మొదటిదాని రెక్కను కొరికి, మెలిపెట్టి, పీకి పారేసింది. మిగిలిన నూనె గచ్చంతా చిమ్మింది. ముప్పై ఏళ్లు ఆ రెక్క మీద ఎవర్నీ బూటుకాలు పెట్టనివ్వని మేస్త్రీ అటువైపు వీపు తిప్పేశాడు.

మూడో విమానంలో రెండు తూటాలు తీశాడో లేదో, బావమరిది గ్యాస్ కట్టర్‌తో నిచ్చెన కింద తయారయ్యాడు. వాణ్ణి ఈ పనిలో పెట్టించిందీ అతనే.

"ఇంకా ఎంతసేపు బావా? సీట్లు విప్పుతున్నావా, జోల పాడుతున్నావా?"

"నోరు మూసుకో. కోడి ఈకలు పీకినట్టు ఆ పీకడమేంట్రా? కాస్త మర్యాదగా కొయ్యలేరూ?"

"తుక్కుకి మర్యాదేంటి బావా."

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. విసురుగా దిగి, విమానం ముక్కుకు కట్టిన ఎర్రగుడ్డ ఊడబీకి వాడి మొహాన కొట్టాడు. గుడ్డ తీస్తే లోపల తూటాలు లేవని లెక్క, ఇక కోసుకోవచ్చు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, అలవాటు ప్రకారం పిన్నులు గట్టు మీద పోశాడు. ఎనిమిది. జేబు తిరగేశాడు. ఎనిమిదే. మూడు విమానాలకు తొమ్మిదుండాలి.

ఒకటి మూడో విమానంలోనే ఉండిపోయింది. పరిగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి, ఆ నిచ్చెన ఎలా ఎక్కాడో ఏమో. నిప్పురవ్వల మధ్య ఒంగి బావమరిది సీటు పట్టాలు కోస్తున్నాడు.

"దిగరా ఒరేయ్, దిగు."

కట్టర్ హోరులో వాడికేం వినబడుతుంది? మేస్త్రీ వాడి మెడ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. వాడు గచ్చు మీద పడి, భుజం విరిగి, బూతులు మొదలెట్టాడు. సీటు అడుగు అప్పటికే ఎర్రగా కాలి ఉంది.

తూటా పేలింది. సీటు పైకప్పు రేకును చీల్చుకుంటూ పోయింది. రేకు ముక్కలూ బోల్టులూ వానలా కురిశాయి. షెడ్డులో ఉన్న పదిమందీ తలలెత్తి పైకే చూశారు. ఆ పేలుడుకు మేస్త్రీ నిచ్చెన మీంచి ఎప్పుడు కింద పడ్డాడో ఎవరూ గమనించలేదు. బావమరిదే విరిగిన భుజంతో పాక్కుంటూ వచ్చి, ఆ తలను ఒళ్లో పెట్టుకున్నాడు.

"మర్యాదగానే కోస్తాం బావా," అన్నాడు. వినడానికి బావ లేడు.

నాలుగు రోజుల్లో విమానాలన్నీ ముక్కలై లారీలెక్కాయి. పైకప్పు దూలాల మధ్య ఇరుక్కున్న ఆ సీటు మాత్రం బెల్టులు వేలాడేసుకుని అక్కడే ఉంది, దించడానికి ఇంతవరకూ ఎవరూ నిచ్చెన వేయలేదు.