రాత్రి పుట్టినదాని పేరు

పిల్ల పుట్టి ఐదు రోజులు. మూడు రోజులుగా పాలు ముట్టలేదు.

నడినెత్తిన ఎండ కాస్తుండగా పుట్టింది కాబట్టి అచియెంగ్ అన్నారు, పొద్దు పిల్ల అని. ఆ పేరు వింటేనే గుక్కపట్టేది. చీకటి పడేవేళకు పెదవులు నల్లబడేవి.

పిల్ల తండ్రి సరస్సు మీద చేపల వేటకు పోయాడు. ఇంట్లో ఉన్నది తాత ఓగుటూ, కోడలు అపొండి, ఆ పసిగుడ్డు. పసిపిల్లలకు పోయినవాళ్ల పేర్లు పిలిచి చూసే అబుయా అవ్వ సాయంత్రం కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"పోయినవాళ్లెవరో పేరు అడుగుతున్నారు," అంది పిల్ల నుదురు తాకి. "ఇస్తే ఊరుకుంటుంది. ఇవ్వకపోతే వెంట తీసుకుపోతారు. రేపటిదాకా ఆగదు ఇది."

అవ్వ మొదట ఓగుటూ తల్లి పేరు పిలిచింది. ఏడుపు ఆగలేదు. అతని మేనత్త పేరు పిలిచింది.

"అదీ కాదు. బతికుండగానే పిలిస్తే పలికే మనిషి కాదు, చచ్చాక పలుకుతుందా." అవ్వ అతని వైపు తిరిగింది. "ఇక నీ పెళ్లాం పేరొక్కటే మిగిలింది."

"ఆ పేరు ఈ ఇంట్లో వద్దు," అన్నాడు ఓగుటూ వలకు ముడి వేస్తూ.

"నీ సెలవు ఎవడడిగాడురా?"

"మామా," అంది అపొండి. "ఎందుకు వద్దో నేను అడగను. ఒక్కసారి పలుకు."

అతని వేళ్లు ముడి దగ్గరే ఆగిపోయాయి.

అటియెనో. రాత్రి పుట్టినది. నలుగురు ఆడవాళ్లు కలిసినా దివిటీ లేనిదే గడప దాటని చోట ఆమె ఒక్కతే ఒడ్డుకు పోయి వచ్చేది. చీకటి నా పుట్టిల్లు అనేది. నాలుగేళ్ల కిందట, వానల్లో, కూడు ఆలస్యమైందని గొడవ. పుట్టిల్లు ఉందిగా, పోయి అక్కడే పడుండు అని బయటికి నెట్టి గడియ వేశాడు. మొదట ఆమె నవ్వుతూ తట్టింది. తర్వాత నవ్వు లేదు. తర్వాత రెల్లులోంచి మేతకు వచ్చిన నీటిగుర్రం బుస వినిపించింది. అప్పుడైనా గడియ తీయొచ్చు. అప్పటికి కోపం పోయి భయం పట్టుకుంది. తీయలేదు.

ఎండబెట్టిన చేపలు తడుస్తాయని తనే బయటికి పరుగెత్తి నీటిగుర్రానికి చిక్కిందని తెల్లారి అందరికీ చెప్పాడు. నమ్మారు.

పిల్ల ఏడుపు సన్నబడింది. ఏడవడానికి ఓపిక లేక.

"అటియెనో," అన్నాడు, నేల చూస్తూ.

పిల్ల ఆగింది. కళ్లు తెరిచింది. రొమ్ము మాత్రం పట్టలేదు. ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"పలికితే చాలదు," అంది అవ్వ. "లేచి తలుపు తీసి లోపలికి రమ్మను."

"అలాంటి ఆచారం ఎక్కడుంది?"

"లేదు. నీకే." అవ్వ గొంతు తగ్గించింది. "దాని శవాన్ని కడిగింది నేనురా. గోళ్ల కింద చెక్క పేళ్లు ఉన్నాయి. ఏ తలుపువో నాకు తెలుసు."

అపొండి పిల్లను గుండెకు హత్తుకుని గోడకు జరిగింది. మామ వైపు చూడలేదు.

ఓగుటూ లేచాడు. గడియ చల్లగా తగిలింది. తీశాడు. బయట పొద్దు పూర్తిగా పోయింది. రెల్లు కదలడం లేదు. కప్పలు కూడా అరవడం లేదు.

"అటియెనో," అన్నాడు. "లోపలికి రా."

ఎవరూ రాలేదు. ఏదీ రాలేదు. కాళ్ల మీదుగా తడిగాలి ఇంట్లోకి పోయింది, అంతే. వెనక పిల్ల చప్పరించి పాలు తాగే చప్పుడు.

అతను తలుపు మూయబోయాడు. సగం మూశాడో లేదో పిల్ల రొమ్ము వదిలి కెవ్వుమంది. తెరిచాడు. ఊరుకుంది. మళ్లీ మూశాడు. మళ్లీ కెవ్వుమంది.

"అలాగే ఉండనీ," అంది అవ్వ, కర్ర వెతుక్కుంటూ. "ఒకసారి చూసింది మూసిన తలుపు. చాలు దానికి."

ఆ రాత్రి నుంచి కోడలూ పిల్లా లోపలి మూల పడుకుంటారు. తెరిచిన గుమ్మానికి అడ్డంగా ఎవరో ఒకరు ఉండాలి. చీకటి పడ్డాక నీటిగుర్రాలు ఒడ్డెక్కుతాయి. వాటి బుస దగ్గర్నుంచే వినిపిస్తుంది. ఓగుటూ బల్లెం ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంటాడు, తెల్లారేదాకా. ఆ ఇంట్లో అతన్ని నిద్రపొమ్మనేవాళ్లు లేరు.