కత్తెరలక్క పట్టా

తొమ్మిదో కత్తెరను భూతద్దం దీపం కింద పెట్టి, కీలు దగ్గర వెనక్కీ ముందుకీ ఆడించి చూసింది. తుప్పు చుక్క లేదు. మడిచిన గాజ్ గుడ్డ ముక్కను దాని నోటికందించి ఒక్కసారి నొక్కింది. గుడ్డ నలక్కుండా తెగింది. "నువ్వు వెళ్లమ్మా" అని దానితోనే అని, పళ్లెంలో మిగతావాటి పక్కన పడుకోబెట్టింది.

ఆస్పత్రి అడుగు అంతస్తులో ఆపరేషన్ల పనిముట్లు శుద్ధి చేసే గది అది. కిటికీలు లేవు. గోడవారగా మనిషెత్తు ఆవిరి యంత్రాలు రెండు రోజంతా బుసకొడుతూ ఉంటాయి. పైన ఎవరి కడుపు కోసినా, ఎవరి ఎముక అతికినా ఆ పనిముట్లు ముందు ఆమె చేతుల మీదుగా వెళ్లాల్సిందే. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, సర్జన్ల దగ్గర్నుంచి ట్రాలీ తోసే పెద్దాయన దాకా అందరికీ ఆమె కత్తెరలక్కే. నలభై ఏడేళ్లు. పొట్టి మనిషి. ఇరవై నాలుగేళ్ల ఆవిరికి ముంజేతులు వెంట్రుక లేకుండా నున్నబడిపోయాయి.

గడియారం చూసింది. పదీ ఇరవై. రెండింటికి పరీక్ష. ఆఖరిది.

ఆ గదిలో ఇన్‌చార్జి కావాలంటే డిగ్రీ ఉండాలి. ఆమె చేరాక ఆ కుర్చీలోకి ఆరుగురు వచ్చారు. ఆరుగురికీ పని నేర్పింది ఆమే. నేర్చుకున్నవాళ్లు పైమెట్టు ఎక్కి వెళ్లిపోయేవాళ్లు. ఆమె కొత్తగా వచ్చినవాళ్లతో మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టేది. ఇప్పటి ఇన్‌చార్జికి ఇరవై ఎనిమిదేళ్లు. తనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసని పదిమంది ముందూ ఒప్పుకునే రకం. పరీక్ష రాయడానికి గుడ్డల గది తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టిందీ అతనే.

ఆమె చదవక కాదు. డిగ్రీ రెండేళ్లు చదివింది. మూడో ఏడు కాలేజీ తెరిచేలోపు అమ్మ మంచాన పడింది. తమ్ముళ్లు చిన్నవాళ్లు. పుస్తకాలు అటకెక్కాయి. అమ్మ పోయాక ఈ పనిలో చేరింది. పెళ్లయింది, కూతురు పుట్టింది, ఆ కూతురు డిగ్రీకొచ్చింది. కిందటేడు దాన్ని చేర్పించడానికి వెళ్లినప్పుడు అక్కడి గోడ మీద ఒక నోటీసు చూసింది. చదువు మధ్యలో ఆపినవాళ్లు పాసైన పాత పేపర్లను క్రెడిట్లుగా కలుపుకుని, మిగిలింది ఆన్‌లైన్లో ముగించవచ్చట. కూతురు ఫారం నింపుతుంటే ఆమె నోటీసు కింది ఫోన్ నంబరు అరచేతిలో రాసుకుంది.

"పాత మార్కుల లిస్టులు ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు ఫోన్లో గుమస్తా.

"ఉన్నాయండీ. ఒక మూల చెదలు తిన్నాయి. మార్కులు మాత్రం తినలేదు."

నూట ఇరవై క్రెడిట్లకు యాభై ఆరు ఒప్పుకున్నారు. కంప్యూటర్ పేపరు ఒకటి కొట్టేశారు. "మీరు చదివిన కంప్యూటర్లని ఇప్పుడు పాత సామాన్లవాడు కూడా తీసుకోడమ్మా" అన్నాడు గుమస్తా. పని అనుభవానికి వేరే పరీక్ష పెట్టి పదహారు ఇచ్చారు. మిగిలినవి నలభై ఎనిమిది. పన్నెండు కోర్సులు.

పదకొండు నెలలు పట్టింది. బస్సులో చెవిలో పాఠం పెట్టుకుని మూడుసార్లు స్టాపు దాటిపోయింది. ఆవిరి యంత్రం ఒక విడత తిరిగేలోపు ఒక పాఠం అయ్యేది. అచ్చాఫీసులో పనిచేసే భర్త సాయంత్రం వంట తన మీద వేసుకున్నాడు. కూరలో ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడేది, ఒకరోజు అసలు పడేది కాదు. ఎవరూ నోరెత్తలేదు. లెక్కల దగ్గర మాత్రం కూతురే పక్కన కూర్చునేది.

"ఇదేం న్యాయమే అమ్మా? నేను మూడేళ్లు కూర్చోవాలి, నువ్వు పదకొండు నెలల్లో అయిపోగొడతావా?"

"ముందు పాతికేళ్లు ఆగాను కదే" అంది ఆమె.

ఊరికి ఆ చివర పిల్లల ఆస్పత్రిలో శుద్ధి గదికి ఇన్‌చార్జి కావాలన్నారు. ఇంటర్వ్యూలో ఆమె మాటలు విని, నెలాఖరులోపు పట్టా చూపిస్తే కుర్చీ మీదేనన్నారు. ఇవాళ తప్పితే మళ్లీ పరీక్ష మూడు నెలలకి.

రెండింటికి పక్కనే ఉన్న గుడ్డల గదిలో, ఆకుపచ్చ దుప్పట్ల దొంతరల మధ్య కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. స్టాటిస్టిక్స్. నలభై ప్రశ్నలు. కెమెరా ముందు నుంచి లేచినా, మాట్లాడినా, గదిలోకి ఇంకో మనిషి వచ్చినా పరీక్ష రద్దు.

ఇరవై మూడో ప్రశ్న దగ్గర బయట ఫోన్ మోగింది. తలుపు పల్చనిది, అన్నీ వినబడుతున్నాయి. రోడ్డు ప్రమాదం. కడుపు ఆపరేషన్ సెట్టు వెంటనే పైకి పంపాలి.

"నెత్తురు ఆపే పొడుగు వంపు క్లాంపు తక్కువని సెట్టు మీద చీటీ ఉంది బాబూ" అంటున్నాడు ట్రాలీ పెద్దాయన. "విడిగా దాచింది ఎక్కడుందో అక్కకే తెలుసు. పిలుస్తానుండు."

తలుపు పిడి కదిలింది.

"వద్దు. చెయ్యి తియ్యి. నేను చూస్తా" అన్నాడు ఇన్‌చార్జి.

ఆమెకు తెలుసు. మూడో సొరుగు, లోపలి వరస. ఇక్కణ్నుంచి తొమ్మిది అడుగులు. పైన బల్ల మీద ఎవరి బిడ్డో. పట్టా లేకుండా ఇన్నాళ్లూ బతకలేదా? కుర్చీ అంచుకు జరిగింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించింది.

సొరుగు కిర్రుమంది. ఆ కిర్రు మూడోదానిదే.

తర్వాత అతని గొంతు, పాఠం అప్పజెబుతున్నట్టు: "తారీఖు చూశాను. ఆవిరికి టేపు నల్లబడింది. కట్టు పొడిగా ఉంది." ఏ ప్యాకెట్ గది దాటాలన్నా ఈ మూడు మాటలూ పైకి అనాలని అతనికి మొదటి రోజున నేర్పింది ఆమే. ట్రాలీ చక్రాలు గడగడమంటూ దూరమయ్యాయి.

ఆమె వెనక్కి జరిగి కూర్చుంది. ఇరవై మూడో ప్రశ్న మొదట్నుంచి చదివింది.

మూడూ ఇరవై రెండుకి తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఇన్‌చార్జి, ట్రాలీ పెద్దాయన గోడకానుకుని నిలబడి ఉన్నారు.

"ఏమైందక్కా?" అన్నాడు ఇన్‌చార్జి.

"పైన పేషెంటు ఎలా ఉన్నాడు?"

"నెత్తురు ఆగిందట. గండం గడిచింది. మీ సంగతి చెప్పండి."

"మూడో సొరుగని నీకెలా గుర్తొచ్చింది?"

"అందులో సూదులు పెట్టినందుకు మీరు పెట్టిన చీవాట్లు అంత తొందరగా మర్చిపోతానా?"

అప్పుడు చెప్పింది. "నూటికి డెబ్బై. క్రెడిట్లు నూట ఇరవైకి నూట ఇరవై అయినయ్యి."

ఇన్‌చార్జి ఫోన్ తీసి అయిదు థియేటర్లకీ వరసగా కలిపాడు. "కత్తెరలక్క డిగ్రీ పాసైంది." అంతే, పెట్టేసేవాడు. పెద్దాయన ఖాళీ ట్రాలీ మీద ఉతికిన దుప్పటి పరిచాడు.

"ఎక్కమ్మా. ఒక చుట్టు తిప్పుతా."

"నీకేమన్నా పిచ్చా?" అంటూనే ఎక్కి కూర్చుంది. పొడుగాటి నడవాలో ట్రాలీ పరుగెత్తింది. లిఫ్టు దగ్గర నర్సులు చప్పట్లు కొట్టారు. పెద్ద సర్జన్ ఆపరేషన్ టోపీతోనే దిగివచ్చి, పక్కకు తొలగి దారిచ్చాడు. ఆమె రెండు చేతులా అంచులు పట్టుకుని, చిన్నపిల్లలా కాళ్లాడిస్తూ, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వింది.

ఇంటికెళ్లగానే కూతురితో అంది: "రేపట్నుంచి నన్ను సీనియర్ అని పిలవాలి." భర్త ఆ పూట కూరలో ఉప్పు సరిగ్గా వేశాడు.

పట్టా పది రోజులకి వచ్చింది. నెలాఖరున ఆమె ఎప్పటిలాగే డ్యూటీ ముగించి, తాళాలు ఇన్‌చార్జి చేతికిచ్చి, "చీటీలు రాయడం మర్చిపోకు" అని, వెనక వాలుదారి ఎక్కి వెళ్లిపోయింది. వీడ్కోలు సభ వద్దని ముందే చెప్పింది.

మర్నాడు పొద్దున పైనుంచి మొదటి పళ్లెం దిగేసరికి, కడుగుడు తొట్టి మీద మేకుకి ఆమె కత్తెరలు తోమే చిన్న బ్రష్ వేలాడుతూ ఉంది. దాని కుచ్చంతా ఒక పక్కకే అరిగిపోయి, మొదట్లో ఇంకా కాస్త తడి ఉంది.