గొంతును గుర్తుపట్టే గంట

ఎదురింట్లో దొంగలు పడి టీవీ ఎత్తుకుపోయారు, రిమోటు మాత్రం సోఫా మీదే వదిలేశారు. మర్నాటికల్లా వీధి వీధంతా తాళాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. శ్రుతి మాస్టారి ఇంట్లో ఆ మాట ఎత్తింది ఆయన భార్య.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, మనింట్లో పడ్డాక చూద్దామంటారా? పిల్లాడు బడి నుంచి వచ్చి సాయంత్రం దాకా ఒక్కడే ఉంటాడు. ఈ ఆదివారం వెళ్ళి అలారం కొనాల్సిందే."

ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. ఆయన వాయిద్యాలు బాగుచేసి శ్రుతి చేస్తాడు, అందుకే వీధికి శ్రుతి మాస్టారయ్యాడు. గిటార్లు, వయొలిన్లు, కీబోర్డులు, నోరు పడిపోయినదేదైనా సరే, ఆయన దుకాణానికి రావాల్సిందే. ఆయనవి పాము చెవులని పేరు. ఆ పేరు ఆయన దాకా కూడా వచ్చింది, అదే వచ్చిన చిక్కు. పక్కవీధిలో ఎవరైనా తీగ మీటితే చాలు, "వీసమెత్తు వదులైంది" అంటూ తాగుతున్న కాఫీ కింద పెట్టేస్తాడు.

అలారాల దుకాణంలో అమ్మకాల అమ్మాయి ముందు అంకెలు నొక్కేది చూపించింది.

"అంకెలా?" అన్నాడు మాస్టారు. "మావాడు ఒక స్నేహితుడికి చెప్తాడు, వాడు ఇంకొకడికి చెప్తాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందమ్మా."

అమ్మాయి కెమెరా ఉన్నది చూపించింది. అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ పిచ్చుక అప్పుడు నోరు విప్పాడు. పిచ్చుక అంటే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, పదమూడేళ్ళవాడు. చిన్నప్పుడు తెల్లారింది మొదలు కిచకిచలాడేవాడని ఆ పేరు పెట్టారు. ఈమధ్య కిచకిచలు తగ్గాయి, కాళ్ళు పొడుగయ్యాయి, పొద్దున్న తండ్రి చెప్పులేవో వాడి చెప్పులేవో చూసి వేసుకోవాల్సి వస్తోంది.

"కెమెరా వద్దు. నేనింట్లో ఏం చేస్తున్నానో మీరిద్దరూ ఫోన్లో చూస్తూ కూర్చుంటారు."

"చూస్తే ఏంట్రా? అంత చూడకూడని పనులేం చేస్తావ్?" అంది తల్లి.

"ఏం చెయ్యను. అయినా వద్దు." వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ వాడి పైపెదవి మీద కొత్తగా దిగిన నీడను ఒక్కసారి చూసి, "సరే, ఇది పక్కన పెట్టమ్మా" అంది.

చివరికి గొంతు గుర్తుపట్టేది వచ్చింది. తాళం తీసి లోపలికి వచ్చినవాళ్ళు గడప దగ్గర నిలబడి "నేనొచ్చాను" అనాలి. గొంతు ఇంట్లోవాళ్ళదైతే ఊరుకుంటుంది, కాకపోతే సైరన్ మోగుతుంది. లోపల మనుషులున్నా సరే, వచ్చేవాళ్ళు చెప్పి తీరాల్సిందే. మాస్టారి మొహం వెలిగిపోయింది. తన చెవికి తోడు ఇంకో చెవి దొరికిందన్న ఆనందం.

"గొంతు మారినట్టనిపిస్తే మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు సార్. ఈ పుస్తకంలో ఉంది."

"మారడానికి గొంతేమన్నా చొక్కానా అమ్మా?" అన్నాడు మాస్టారు. ఆ పుస్తకం ఆవిడ సంచిలోకి వెళ్ళింది.

కొన్నాళ్ళు అంతా సవ్యంగానే నడిచింది. ఒక మధ్యాహ్నం సైరన్ ఇల్లు పీకి పందిరేసింది. పైవాటాలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు గారు చేతికర్రతో పరుగున దిగివచ్చారు. గడప దగ్గర పిచ్చుక నిలబడి "నేనొచ్చాను, నేనొచ్చాను" అంటున్నాడు. ఆ మాట మగాడి గొంతుతో మొదలై, చివరికి వచ్చేసరికి చిన్నపిల్లాడి గొంతుతో తేలుతోంది.

"ఒరేయ్, నీలో ఇద్దరున్నారేంట్రా?" అన్నారు కండక్టరు గారు. "నీకు రెండు టిక్కెట్లు కొట్టాలి!"

చేరినవాళ్ళంతా నవ్వారు. పిచ్చుక నవ్వలేదు.

సాయంత్రం మాస్టారు యంత్రం మూత విప్పి చూశాడు. అందులో ఏ లోపమూ లేదు. అప్పుడాయన తనలాంటివాడు మాత్రమే చెయ్యగల పని ఒకటి చేశాడు. దుకాణం నుంచి కీబోర్డు తెచ్చి హాల్లో పెట్టి, కొడుకుని ఎదురుగా నిలబెట్టాడు.

"అలారం పెట్టిన రోజు నువ్వు ఈ స్వరంలో అన్నావ్, నాకు బాగా గుర్తు. అక్కడికి రా. ఊఁ, ఇంకాస్త పైకి."

"రావట్లేదు నాన్నా."

"ఎందుకు రాదు? నిన్నమొన్నటిదాకా వచ్చిందిగా! సాధన చెయ్యాలి."

"ఏవండీ, వాడు ఎదుగుతున్నాడు," అంది ఆవిడ లోపల్నుంచి.

"ఎదిగితే ఎదగనీ, శ్రుతెందుకు తప్పాలి?"

ఏ వాయిద్యమైనా ఆయన చేతిలో పడితే పాత శ్రుతికి రావాల్సిందే. కొడుకు వాయిద్యం కాడన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. వరసగా కొన్ని సాయంత్రాలు ఆ సాధన సాగింది. వాడి గొంతు పగిలింది, జారింది, చివరికి పూర్తిగా ఆగిపోయింది. తండ్రి ముందు పిచ్చుక మాట్లాడటం మానేశాడు. భోజనాల దగ్గర ఉప్పు తండ్రి మోచేతి పక్కనే ఉన్నా, తల్లి వైపు తిరిగి సైగ చేసేవాడు. బడి నుంచి వచ్చి ఇంట్లోకి పోకుండా, తల్లి వచ్చేదాకా మెట్ల మీదే కూర్చునేవాడు.

మాస్టారికి ఇల్లు బోసిపోయినట్టయింది. ఇదివరకు రాత్రి భోజనాలయ్యాక వాడు బడి కబుర్లన్నీ చెప్పేవాడు, తను వింటున్నట్టు నటిస్తూ నిజంగానే వినేవాడు. వాడు మళ్ళీ మాట్లాడితే చాలు, ఏ శ్రుతిలో మాట్లాడినా ఫరవాలేదని ఆయనకు లోపల అనిపించింది. ఆ మాట మాత్రం పైకి అనలేదు. ఎలా అనాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి, మాస్టారు దుకాణం నుంచి ఇంటికి ఫోన్ చేశాడు. ఆరోజు ఆవిడకి సెలవేమోననుకున్నాడు. అవతల ఎవరో ఫోనెత్తి, బరువైన గొంతుతో "హలో" అన్నారు.

"ఎవరు?"

"నేనే."

"నేనే అంటే ఎవడివి? మా ఇంట్లో ఏం చేస్తున్నావ్? కదిలావంటే పోలీసుల్ని పిలుస్తా!" మాస్టారు అప్పటికే లేచి నిలబడ్డాడు. చేతిలో ఆయుధంగా వయొలిన్ కమాను ఉంది.

"నేనే నాన్నా."

మాస్టారు కమాను బల్ల మీద పెట్టాడు. "నువ్వా? మరి సైరన్ మోగలేదే?"

"నిన్న అమ్మ పుస్తకం చూసి నా గొంతు మళ్ళీ రికార్డు చేసింది. ఇప్పుడు నన్ను గుర్తుపడుతోంది."

వాడి మాటలో ఎత్తిపొడుపు లేదు, అందుకే మరింత గుచ్చుకుంది. ఏ గిటారు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి కన్నకొడుకుని దొంగను చేశాడు. గోడకు కొట్టిన డబ్బా వాణ్ణి గుర్తుపట్టింది, తండ్రి గుర్తుపట్టలేదు. ఆయనకు సిగ్గేసింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పట్టపగలే షట్టరు దించేస్తుంటే, ఏం ముంచుకొచ్చిందోనని పక్క దుకాణాలవాళ్ళు తొంగిచూశారు.

దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. తాళం తీసి గడపలో అడుగుపెట్టాడు. హాలు చివర కొడుకు నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూడగానే కూడబలుక్కున్నదంతా గొంతులో అడ్డం పడింది. "నేనొ..." అన్నాడు. మిగతాది మాటగా రాలేదు.

సైరన్ అందుకుంది. మళ్ళీ ప్రయత్నించాడు, మొదటిసారి కంటే అధ్వాన్నంగా వచ్చింది. పైనుంచి కర్ర చప్పుడు దిగింది.

"ఎవడ్రా అది?" అంటూ వచ్చిన కండక్టరు గారు నోరెళ్ళబెట్టారు. "మాస్టారూ, మీరా!"

"ఏం లేదు తాతగారూ, మా నాన్నే," అన్నాడు పిచ్చుక ఆ కొత్త గొంతుతోనే, ఏమాత్రం దాచకుండా. కండక్టరు గారు చెవులు మూసుకుని మెట్లెక్కారు.

వాడు వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. "కంగారు పడకు నాన్నా. పైకీ వద్దు, కిందికీ వద్దు. నీకెలా వస్తే అలా అను."

మాస్టారు కొడుకు మొహంలోకి చూశాడు. అందుకు తల వంచాల్సిన పని లేకపోయింది. కళ్ళు తుడుచుకుని, ఊపిరి తీసుకుని, "నేనొచ్చాను" అన్నాడు. సైరన్ ఆగింది.

"ఇప్పుడు నువ్వు అను."

"నేనిందాకే వచ్చా కదా?"

"నేను విన్లేదురా."

వాడు అన్నాడు. సగంలోనే గొంతు పగిలింది. ఈసారి ముందు నవ్వింది వాడే.