హార్లాన్ కోవ్‌లో వాన

పోర్ట్‌లాండ్ సదస్సులో కొరిన్ తన పరిశోధన పోస్టర్ తగిలిస్తున్న పొద్దుటికి, హార్లాన్ కోవ్‌లో వాన మొదలై ఒక రాత్రి గడిచిపోయింది.

ఆ ఏడాది మా యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ హాగెన్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కొరిన్, నేను వెళ్ళాం. నాది హిమానీనదాలు వదిలిపోయిన మట్టి మీద పని. నా పోస్టర్ దగ్గర ఎవరూ ఆగరని నాకు ముందే తెలుసు. కొరిన్ సంగతి అలా కాదు. హార్లాన్ కోవ్ అలాస్కా తీరాన ఒక చేపల ఊరు. ఇటు సముద్రం, అటు కొండ, మధ్యలో ఒకే ఒక్క వీధి. దక్షిణపు కొసన ఇళ్ళ మీదికి ఒరిగినట్టుండే కొండచరియ ఎప్పటికైనా జారుతుందని ఊరంతటికీ భయం. కొరిన్ వేసవులన్నీ అక్కడే గడిపి, నేలలోపల నీటి ఒత్తిడిని కొలిచే సెన్సార్లను ఆ చరియ నిండా పాతింది. అవి పంపే సమాచారం నేరుగా ఆమె ఫోన్‌కి వచ్చేది.

అక్కడున్నన్నాళ్ళూ ఆమె బస డోరీన్ ఇంట్లో. ఆ ఇల్లు సరిగ్గా ఆ చరియ కిందే ఉంటుంది. డోరీన్ భర్త పోయాడు. ముసలి కుక్కలు రెండు తోడు. చెల్లెలు వెర్నా అదే వీధికి ఉత్తరపు కొసన ఉంటుంది.

పోస్టర్ల పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ పోస్టర్ మీది ఎర్ర గీతను వేలితో చూపించింది. "ఒత్తిడి ఈ గీత దాటితే ఏమవుతుంది?"

"చరియ జారొచ్చని మా అంచనా మేడమ్."

"ఎప్పుడైనా దాటిందా?"

కొరిన్ చేతిలోని ఫోన్ వంక చూసింది. ముఖంలో రక్తం లేదు. "ఇప్పుడే దాటింది," అంది.

ఆవిడ మొదట నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది. "పో అమ్మాయ్, పో. ముందు వాళ్ళకి ఫోన్ చెయ్," అంది.

నేను పరిగెత్తి ప్రొఫెసర్‌ని పట్టుకొచ్చాను. ఆయన జిల్లా అత్యవసర విభాగానికి ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఓపిగ్గానే మాట్లాడాడు. మబ్బు నేలకి దిగిపోయింది, హెలికాప్టర్ లేవదు. అలల్లో పడవ కదలదు. అందరినీ బడికి చేరమని చెప్పామన్నాడు. అంతకుమించి అతని చేతిలోనూ ఏమీ లేదు.

కొరిన్ డోరీన్‌కి ఫోన్ చేసి, మాకూ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"డోరీన్, ఇంకా ఇంట్లోనే ఉన్నారా? బడికి వెళ్ళండి, ప్లీజ్."

"ఆ బడికా? కుక్కల్ని రానివ్వరంట. వాటినొదిలి నేనెక్కడికి పోను తల్లీ? అయినా ఆ జిమ్‌లో, పక్కింటి బర్ట్ గురక వింటూ చాప మీద పడుకోవాలా? దానికంటే కొండ పడితేనే నయం."

"జోకులాపండి డోరీన్, మీకు దణ్ణం పెడతాను!"

"ఏడుస్తున్నావా ఏంటి? ఏడవకు. మరెక్కడికి పొమ్మంటావో చెప్పు."

కొరిన్ కళ్ళు మూసుకుంది. "వెర్నా ఇంటికి వెళ్ళండి. అటు వాలు తక్కువ. చెట్లు కూడా గట్టిగా ఉన్నాయి."

ఈ మాట అన్నాక ఆమె ప్రొఫెసర్ వంక చూసింది. ఆయన తలూపాడు. నేను కూడా ఊపాను.

"సరేలే. దానికి ఫోన్ చేసి చెప్తా. కుక్కలకి ఇంత తిండి పెట్టి బయల్దేరతా," అంది డోరీన్.

మధ్యాహ్నానికి ఊరి ఫోన్లు పోయాయి. సెన్సార్లు మాత్రం ఉపగ్రహం ద్వారా పలుకుతూనే ఉన్నాయి. ప్రొఫెసర్ వేదికెక్కి తన ప్రసంగం తాను చేయాల్సి వచ్చింది. కొండచరియల్ని ముందుగా పసిగట్టడం గురించే. చెబుతూ చెబుతూ మధ్యలో మా వైపు చూశాడు. కొరిన్ తల అడ్డంగా ఊపింది, ఇంకా పడలేదని. ఆయన కాగితంలో ఆపినచోటు వెతుక్కుని మళ్ళీ అందుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

మేం బయటికి వచ్చేసరికి జిల్లా నుంచి ఫోన్.

"జారిందండీ, రేడియోలో కబురొచ్చింది. ఒక ఇల్లు పూర్తిగా పోయింది. ఉత్తరపు కొసన."

"దక్షిణం అనబోయి అన్నారా?" అన్నాడు ప్రొఫెసర్.

"కాదు సార్. ఉత్తరమే."

కొరిన్ తన ఫోన్ మాకు చూపించింది. "నా సెన్సార్లన్నీ పనిచేస్తున్నాయి. చూడండి, అన్నీ పనిచేస్తున్నాయి," అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఉంది. ప్రొఫెసర్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఊరివైపు విమానాలన్నీ రద్దయ్యాయి. మర్నాడంతా ఆ హాల్లోనే ఒక మూల కూర్చున్నాం. డోరీన్ చనిపోయిందనే అనుకున్నాం. పైకి అనలేదు, అంతే. నేను తెచ్చిన కాఫీ కొరిన్ చేతిలోనే చల్లారింది.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తీరరక్షణ దళంవాళ్ళ శాటిలైట్ ఫోన్ అడిగి తీసుకుని, డోరీన్ చేసింది.

"నేను పోలేదే తల్లీ. ఆడకుక్క ఉరుములకి మంచం కింద దూరి ఎంతకీ రాలేదు. దాన్ని బతిమాలుతూ ఉండిపోయా."

కొరిన్ గోడకి జారగిలబడింది. "వెర్నా?"

"అది బడికి పోదామని కోటు కూడా వేసుకుందంట. నేనొస్తున్నానని చెప్పేసరికి ఆగిపోయింది. ఎంతసేపే, సూప్ చల్లారిపోతోంది అని ఫోన్ చేసి నన్ను తిట్టింది కూడా. తర్వాత ఫోన్ కలవలేదు."

"అక్కడికి వెళ్ళమన్నది నేనే," అంది కొరిన్.

"నిన్నేమీ అనట్లేదు. నా మంచికే చెప్పావు," అంది డోరీన్. ఆ గొంతులో కోపమేమీ లేదు. ఉంటే కొరిన్‌కి కాస్త తేలికయ్యేదేమో. "కానీ వాన ఇంకా తగ్గలేదు. ఇప్పుడు నన్నెక్కడికి పొమ్మంటావు?"

కొరిన్ ప్రొఫెసర్ వంక చూసింది. కొండల మీద జీవితమంతా గడిపిన మనిషి ఆయన. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు తెలీదు డోరీన్," అంది కొరిన్.

వాన తెరిపిచ్చాక ఆమె మాతో కలిసి యూనివర్సిటీకి రాలేదు, పడవెక్కి అటే వెళ్ళింది. ఊరివాళ్ళతో కలిసి బురద తవ్వింది. వెర్నా దొరికినప్పుడు అక్కడే ఉంది. డోరీన్ పక్కన నిలబడి పూడ్చిపెట్టడం చూసింది. డోరీన్ ఆమె చెయ్యి వదల్లేదట.

ఇప్పటికీ గట్టి వాన పడితే డోరీన్ ఫోన్ చేస్తుంది. కొరిన్ క్లాసు మధ్యలోంచి లేచి వరండాలోకి వెళ్తుంది. ఏం చెబుతావని ఒకసారి అడిగాను.

"బడికి వెళ్ళమంటాను," అంది. "ఆ బడీ కొండ కిందే ఉంది. ఆ ఊళ్ళో కొండ కింద లేనిదేముంది?"