శుక్రవారం ముఖాలు

శుక్రవారం ఉదయం ఏడున్నరకు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి పెట్రోలు బంకు దుకాణంలో నిలబడితే, ఇంతకంటే అమాయకమైన చోటు లోకంలో ఉండదనిపిస్తుంది. ఒక పక్క కాఫీ, ఇంకో పక్క పెద్ద గిన్నెలో ఉడుకుతున్న వేరుశనక్కాయలు, గల్లా పక్కన వారానికోసారి వచ్చే పల్చటి పత్రిక. అందులో వార్తలుండవు. ఆ వారం పోలీసులు పట్టుకెళ్ళినవాళ్ళ ఫోటోలుంటాయి, కింద పేరు, మోపిన నేరం. నేరం రుజువైందా లేదా అన్నది మాత్రం ఉండదు. ఎవరికి కావాలి అది? కాఫీ తాగుతూ నవ్వుకోవడానికి ముఖాలు చాలు.

"రెనెట్టా! నీ పత్రిక తీసి పెట్టానమ్మా," అన్నాడు గల్లా దగ్గరి ముసలి హోబర్ట్. "మూడు వారాలైంది ఇటు తొంగి చూసి. అలిగావా ఏంటి?"

"ఇవాళ వద్దులే, హోబర్ట్."

"అందులో నీ బొమ్మేసినందుకా? నీ ఫోటో మరీ అంత ఘోరంగా ఏం లేదులే. మా ఆవిడ పెళ్ళి ఫోటో కంటే నయం!"

కాఫీ దగ్గర నిలబడ్డ ఇద్దరు పకపకా నవ్వారు. హోబర్ట్ చెడ్డవాడు కాదు. ఊళ్ళో అందరితోనూ అలాగే మాట్లాడతాడు. రెనెట్టా పోసుకున్న కాఫీ అక్కడే వదిలేసి కారెక్కి, తలుపు వేసుకోకముందే ఫోను తీసి తన పేరు కొట్టింది. ఉంది. పొద్దున లేచినప్పుడున్న చోటే, అన్నిటికంటే పైన ఉంది ఆ ఫోటో.

ఇంతకీ ఆమె చేసిన నేరం వినండి. కారు వెనక లైటు పగిలిందని పోలీసు ఆపాడు. పేరు చూస్తే పాత చలానా ఒకటి తేలింది. ఆ కేసుకి కోర్టుకి రమ్మన్న ఉత్తరం ఆమె ఖాళీ చేసిన అద్దింటికి పోయింది కాబట్టి, ఆమె వెళ్ళలేదు. కోర్టుకి రానందుకు వారెంటు, వారెంటు ఉన్నందుకు అరెస్టు. జుట్టు అల్లించుకోవడానికి సగం జడలు విప్పుకుని బయల్దేరిన మనిషిని అదే తలతో గోడకి నిలబెట్టి ఫోటో తీశారు. రెండు వారాల తరువాత జడ్జి కాగితం చూసి రెండు నిమిషాల్లో కేసు కొట్టేశాడు. ఫోటోని మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. పోలీసుల పేజీలోంచి దాన్ని ఎత్తుకున్న ఒక వెబ్‌సైటు, తియ్యాలంటే డబ్బు కట్టమంటోంది.

రెనెట్టా వృద్ధాశ్రమంలో ఆయా. స్కూలు బస్సు నడపడానికి శిక్షణ పూర్తిచేసింది. ఆ ఉద్యోగం వస్తే షిఫ్టు డ్యూటీలు తప్పుతాయి, తొమ్మిదేళ్ళ కూతురితో కలిసి సాయంత్రం అన్నం తినొచ్చు. ఇంటర్వ్యూ సోమవారం. పిల్లల్ని అప్పగించే ముందు స్కూలువాళ్ళు పేరు వెతక్కుండా ఉంటారా? ఆ భయంతో ఆమెకి కాలు నిలవడం లేదు. పక్కలు మార్చేటప్పుడు చూస్తుంది, మందులిచ్చేటప్పుడు చూస్తుంది, ఈసారైనా పోయిందేమోనని ఆ ఫోటో మీద నొక్కుతూనే ఉంటుంది.

ఆ రోజే కోర్టుకి వెళ్ళి, కేసు కొట్టేసినట్టు ముద్ర వేసిన నకలు తీసుకుంది. "కాగితమైతే నేనిస్తాను," అంది అక్కడి గుమాస్తా. "దీంతో ఏం చెయ్యాలో థర్మండ్ ఓజ్లీ చెప్తాడు. ఇళ్ళకి కప్పులు వేస్తాడు చూడు, ఆయన. తన ఫోటో తీయించుకోడానికి రెండేళ్ళు తిరిగాడు పాపం. ఇప్పుడు అందరూ ఆయన దగ్గరికే పోతున్నారు."

ఆ పేరు వినగానే రెనెట్టా కాగితం మడిచి, థాంక్స్ కూడా చెప్పకుండా బయటికి నడిచింది.

ఎందుకంటారా? నాలుగేళ్ళుగా ఆమె ప్రతి శుక్రవారం ఆ పత్రిక కొని, పది గంటలకి వృద్ధాశ్రమం హాల్లో ముసలివాళ్ళకి చూపించేది. పేరు చదివి, ముఖం చూపించి, "ఏం చేసుంటాడో చెప్పండి!" అనేది. అదో ఆట. ఒకసారి ముందు పళ్ళు లేని మనిషి ఫోటో వచ్చింది. పనిచేసే చోట రాగి రేకులు దొంగిలించాడని ఆరోపణ. "రాగి అయిపోయి పళ్ళు కూడా అమ్ముకున్నట్టున్నాడు," అంది రెనెట్టా. హాలంతా ఘొల్లున నవ్వారు. ఆ మనిషి పేరే థర్మండ్ ఓజ్లీ.

శనివారం పొద్దున అతని ఇంటికి వెళ్ళింది. ఓజ్లీ పెరట్లో నిచ్చెన బాగుచేస్తున్నాడు. ఆమె చేతిలోని కోర్టు కాగితం చూస్తూనే, "రోజుకెన్నిసార్లు చూస్తున్నావ్ దాన్ని?" అన్నాడు.

"లెక్క లేదు. నలభై... యాభై సార్లేమో."

"అయితే దాన్ని పైకి తోస్తున్నది నువ్వే. నొక్కేవాళ్ళు ఎక్కువైన కొద్దీ అది పైకెక్కుతుంది. నేనూ అదే చేశా మొదట్లో. ఇహ ముట్టుకోకు."

"మరి డబ్బు కడితే?"

"కట్టావో, ఇంకో నలుగురు పుట్టుకొస్తారు. కేసు కొట్టేశారుగా, ఊరికే తియ్యాలని మన చట్టంలోనే ఉంది. ముద్ర కాగితం నకలు పెట్టి ఆ వెబ్‌సైటువాళ్ళకి రిజిస్టరు పోస్టులో పంపు. తియ్యడానికి వాళ్ళకి ముప్పై రోజుల గడువు. రసీదు పారేసుకోకు." లోపలికి వెళ్ళి తను రాసిన ఉత్తరం నమూనా తెచ్చిచ్చాడు.

రెనెట్టా అది పట్టుకుని కదల్లేదు. "మిస్టర్ ఓజ్లీ, మీకొకటి చెప్పాలి. ఆ పత్రికలో మీ ఫోటో వచ్చినప్పుడు నేను..."

"తెలుసు. పళ్ళ జోకు." అతని గొంతులో కోపం లేదు. "ఆ రేకులు మా మేస్త్రీయే ఇంకో చోట పెట్టి మర్చిపోయాడు. అది తేలేసరికి నెల పట్టింది. మా అమ్మ అక్కడే ఉండేదిగా, మీ ఆశ్రమంలో. కిటికీ పక్క కుర్చీ."

"ఐడాగారు... మీ అమ్మా? ఆవిడ ఇంటిపేరు వేరు కదా!"

"రెండో పెళ్ళితో వచ్చిన పేరది. ఆ రోజు అందరితో పాటు తనూ నవ్వానంది. నవ్వకపోతే నేను తన కొడుకునని కనిపెట్టేస్తారని. పోయిన చలికాలంలో పోయేదాకా ఆ మాటే తలుచుకుని ఏడ్చేది."

రెనెట్టాకి అప్పుడు గుర్తొచ్చింది. నవ్వులు ఆగక ముందే కిటికీ దగ్గర్నించి ఒక సన్నటి గొంతు, "ఇహ పేజీ తిప్పు తల్లీ," అంది. ముసలావిడకి విసుగొచ్చిందనుకుని తిప్పేసింది. ఇప్పుడు ఆ పెరట్లో నిలబడి సిగ్గుతో ఏడ్చింది. ఓజ్లీ ఓదార్చలేదు. కుర్చీ ఒకటి తెచ్చి వేసి, తన పని తను చేసుకున్నాడు.

ఉత్తరం పోస్టు చేసింది. సోమవారం ఇంటర్వ్యూలో ఎవరూ అడక్కముందే ముద్ర కాగితం బల్ల మీద పెట్టింది. బస్సుల అధికారి మిసెస్ కల్పెపర్ దాన్ని రెండుసార్లు చదివింది. "చూడమ్మా, నాకేం అభ్యంతరం లేదు. కానీ పైవాళ్ళు ఇవాళ పొద్దున ఆ ఫోటో చూసి, ఈ బస్సు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆగస్టులో మళ్ళీ రా. అప్పటికి అది పోయుంటే మంచిది."

ఫోటో పోతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమె వేళ్ళు ఇంకా ఫోను కోసం తహతహలాడుతూనే ఉన్నాయి. కానీ ఆ శుక్రవారం ఆమె బంకు దగ్గర ఆగలేదు. పది గంటలకి హాల్లోకి ఖాళీ చేతులతో వచ్చింది.

"ఇవాళ కూడా పత్రిక లేదా, అమ్మాయ్?" అన్నాడు వినికిడి యంత్రం సర్దుకుంటూ మిస్టర్ బీస్లీ. "పొద్దుట్నించీ కాచుక్కూర్చున్నాం ఇక్కడ!"

"ఇవాళ ఒక్క ముఖమే ఉంది. ఇదిగో." తన ముఖం చూపించుకుంది. "రెనెట్టా. ముప్పై ఎనిమిదేళ్ళు. ఏం చేసుంటుందో చెప్పండి."

మిస్టర్ బీస్లీ ముందుకు వంగి ఆమె ముఖంలోకి చూశాడు.

"కారు లైటు పగిలింది. అంతే చేసింది. కేసు పోయింది, బస్సు ఉద్యోగం కూడా పోయింది." ఆమె కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది. "ఐడాగారు అక్కడ కూర్చుని ఉండగా ఆవిడ కొడుకు ముఖం చూపించి మిమ్మల్ని నవ్వించాను. ఆవిడ కూడా నవ్వింది, భయపడి. ఆ ఫోటోలు ఎవరో పెడుతున్నారని తిడతాం గానీ, మనం చూస్తున్నాం కాబట్టే పెడుతున్నారు. అందుకే ఇహ ఈ ఆట లేదు. ఇంకెప్పుడైనా ఎవరి ముఖమో చూసి నవ్వాలనిపిస్తే, ముందు పక్క కుర్చీలోకి చూడండి. ఆ ముఖాన్ని కన్నతల్లి అక్కడే కూర్చుని ఉండొచ్చు."