ఖాళీ గుల్లల బేరం

విశాఖ ఓడరేవు వెనక గెడ్డలో, ఆ ఉప్పుటేటి పాయలో, పోటు తగ్గి నీరు తీసిందంటే చాలు, పోతమ్మా ఆమె కోడలు చిట్టమ్మా తట్టలతో బురదలోకి దిగేవారు. పట్నం వదిలిన మురుగు, ఓడలు కక్కిన నూనె, ఉబ్బిన కుక్క కళేబరాలు అన్నీ చేరేది అక్కడికే. ఆ కంపులోనూ ఆలిచిప్పలు బతికాయి. ఒకదానిమీద ఒకటి అతుక్కుని గుట్టలుగా పెరిగాయి. ఆ గుట్టల సందుల్లో పీతలు, రొయ్యపిల్లలు దాక్కునేవి. అత్తాకోడళ్ల పొయ్యి వెలిగింది వాటివల్లే.

1996లో దొరబాబు అనే వర్తకుడు ఎలమంచిలి నుంచి వచ్చాడు. కోళ్ల దాణాలో కలపడానికి గుల్లపొడి కావాలన్నాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గట్టుమీద నుంచే బేరమాడాడు.

"బతికున్నయ్యి నాకొద్దు పిన్నీ. సచ్చిన ఖాళీ గుల్లలే తీసి ఇయ్యండి. ఎవల కూడూ లాక్కోడం నేదు గదా?"

పోతమ్మ కోడలివైపు తిరిగి నవ్వింది. "సెత్త కంపుకి ముక్కు మూసుకున్నోడు సెత్తే కొంటానంతన్నాడు. ఏటి మడిసే ఈడు! ఇచ్చీ, మనకేటి పోయింది?"

పాఠకులు గమనించాలి. ఈ బేరంలో తూకంలో మోసం లేదు, మాటలో అబద్ధం లేదు. ఆ ఆడవాళ్లు ఖాళీ గుల్లలకు అతుక్కుని బతికున్న ప్రతి చిప్పనూ జాగ్రత్తగా ఊడదీసి బురదలోనే వదిలారు. ఖాళీ గుల్లలు మాత్రమే లారీ ఎక్కాయి. వాళ్ల వీధి వీధంతా గెడ్డలోకి దిగింది. అందరికీ లాభమే కనబడింది.

బురదలో వదిలినవి మెల్లగా దిగబడ్డాయి. ఊపిరాడక నోళ్లు తెరిచి కుళ్లాయి. దొరబాబు వాటికోసమూ వచ్చాడు.

"మొన్నటి దాకా బతికున్నయ్యి గదా బావూ!" అంది చిట్టమ్మ.

"ఇప్పుడు సచ్చినయ్యి గదా! నాను మాట తప్పలేదే."

అవీ ఇచ్చారు. అసహ్యించుకోవలసింది అతనొక్కడినే కాదు.

మరుసటేడు వానలు వెలిశాక పిల్లచిప్పలు పుట్టలేదు. పీతలు కనబడలేదు. ఇంట్లో కూరలేని గంజి మిగిలింది. మిగిలిన నాలుగు గుల్లలైనా అమ్ముదామని తట్టలోకి ఏరుతున్న చిట్టమ్మ కాలికి ఏదో గుచ్చుకుంది. పైకి తీసింది. విరిగిన దొడ్డిబేసిను ముక్క, ఏ పట్నం మరుగుదొడ్డిలోదో. దాని నిండా గోరంత పిల్లచిప్పలు కరుచుకుని ఉన్నాయి.

"సీ, ఒగ్గీ! ఎవడు కూకున్నదో ఏటో!" అరిచింది పోతమ్మ.

చిట్టమ్మ వదల్లేదు. చుట్టూ చూసింది. మెత్తటి బురదలో ఒక్క పిల్ల కూడా లేదు.

"అత్తా, నీళ్లలో తేలొచ్చిన పిల్లకి అంటుకోడానికి గట్టి సోటు కావాల. సచ్చిన గుల్లలే ఆటికి సోటు. ఆటిని మనం లారీ ఎక్కించీసినాం. ఇప్పుడు పట్నపోల్ల దొడ్డిబేసిను పట్టుకుని బతకతన్నాయి, సూడు."

పోతమ్మ వంగి ఆ పిల్లచిప్పల్ని వేలితో తడిమి చూసింది.

గట్టుమీద నుంచి దొరబాబు కేకేశాడు. "తట్ట ఇలా తే, లారీ ఎలిపోతాది!"

చిట్టమ్మ తట్టను గెడ్డలోనే బోర్లించింది.

"ఓలి పిచ్చిదానా! సచ్చిన గుల్లలు బురదపాలు సేత్తావేటి?" అని దొరబాబు అరిచాడు.

"నువ్వు ఎల్లు బావూ. ఇంక ఈ గెడ్డలో ఒక్క గుల్లా నీకు దొరకదు," అని ఆమె ఆ బేసిను ముక్కను గుల్లల మధ్యే నిలబెట్టింది.

ప్రాణమున్నవాటిని కాపాడితే చాలదు; నీరు, బురద, ఖాళీ గుల్ల వంటి ప్రాణంలేనివాటి మీదే ఆ ప్రాణం నిలబడి ఉంటుంది, వాటిని చెత్తగా లెక్కగట్టి అమ్ముకున్నవాడు రేపటి కూడు అమ్ముకున్నట్టే.